ఘనం కాని సంఖ్య

చిక్కడపల్లిలో గణితావధానం అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఆహ్వానపత్రికలో తేదీ ఆదివారానిది, వారం మాత్రం శనివారం అని వేశారు. అశోక్‌నగర్‌లో ఉండే సుహాసిని కింద ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. చెప్పకపోయినా ఎవరికీ నష్టం లేదు. కానీ తప్పు కంటపడ్డాక ఊరుకోవడం ఆవిడకు చేతకాదు. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నీళ్ల ట్యాంకు కడిగే తేదీ తప్పు పడినా పెన్ను తెచ్చి దిద్ది వస్తుంది.

ఫోన్ ఎత్తినాయన సభ నిర్వాహకుడు జోగారావు. లెక్కల లెక్చరర్‌గా రిటైరైన మనిషి. ఆయన గట్టిగా నవ్వారు.

"ఏ తేదీ ఏ వారమో చెప్పే అవధానానికి వారమే తప్పు వేశామన్నమాట! అమ్మా, మీరేం చదువుకున్నారు?"

"బీఎస్సీ మ్యాథ్సండీ, విజయవాడలో. ఉద్యోగం చెయ్యలేదు."

"చెయ్యకపోతేనేం. తప్పులు పట్టేవాళ్లే మాకు కావాలి. ఘనమూలం అడగడానికి పృచ్ఛకులు దొరకలేదు. మీరు రండి."

పద్ధతి కూడా ఆయనే చెప్పారు. వేదిక మీద ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు ఘనమూలం, ఒకరు మాయాచదరం, ఒకరు వందేళ్ల కిందటి తేదీకి వారం, ఇలా తలొక ప్రశ్న వేస్తారు. అవధాని చేతిలో కాగితం, కలం ఉండవు. అడిగిన సంఖ్యను బోర్డు మీద రాయరు. రాస్తే ఇక ధారణ ఏముంటుందని జోగారావు పట్టు. పృచ్ఛకులు సంఖ్యను ఒక్కసారే చదవాలి. రెండోసారి చదవవలసి వస్తే అవధానికి అర మార్కు పోతుంది. ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా చెబితే 'గణితావధాని' అని సభ బిరుదు ఇస్తుంది. అర మార్కు తగ్గినా బిరుదు లేదు.

"అమ్మాయి పేరు అనూహ్య. నారాయణగూడలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇది మొదటి అవధానం. మూలం మూడంకెలు దాటకుండా చూడండి. సంఖ్య కార్డు మీ దగ్గరే ఉంచుకోండి, జవాబు మాత్రం ముందుగా నాకు ఒక చీటీ మీద ఇవ్వండి."

ఆ వారమంతా సుహాసిని పప్పు తాలింపు వేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా మనసులో సంఖ్యలే తిరిగాయి. ఏదో ఒక ఘనం అడిగి రావడం ఆవిడకు ఇష్టం లేదు. అడిగిన సంఖ్యకు ఒక అందం ఉండాలి. చివరికి 487 దగ్గర ఆగింది. అది ప్రధాన సంఖ్య. దాని వర్గం 2,37,169. దాన్ని మళ్ళీ 487తో గుణిస్తే 11,55,01,303. ఇంత పెద్ద సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి నాలుగంటే నాలుగే: ఒకటి, 487, దాని వర్గం, ఆ సంఖ్య తానే. ఇంకో వింత కూడా ఉంది. మూలంలోని అంకెలన్నీ కలిపితే పంతొమ్మిది. ఘనంలోని అంకెలు కలిపినా పంతొమ్మిదే. ఆ సంగతి తెలిసినప్పుడు ఆవిడకు వంటింట్లో ఒక్కతే ఉండి నవ్వు వచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది.

"పంతొమ్మిదైతే ఏమవుతుంది?" అన్నాడు భర్త పవన్‌కుమార్, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో అధికారి.

"ఏమీ అవ్వదు. అందంగా ఉంటుంది."

"ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కదోయ్, అంత పెద్ద గుణకారం చేత్తో ఎందుకు?"

"నేను అడిగేది మనసులో లెక్క చేసే పిల్లని. నేను ఫోన్‌లో చేసి అడగనా?"

ఆదివారం మధ్యాహ్నం అట్టముక్క కోసి, ఊదా రంగు సిరాతో ఆ సంఖ్యను అందంగా ఎత్తి రాసింది. పవన్‌కుమార్ పక్కన నిలబడి లేత పసుపు పట్టుచీరా, కంచి పత్తిచీరా అని అడుగుతున్నాడు, ఫొటోల్లో ఏది బాగుంటుందని. ఆవిడ పత్తిచీర అంది. అలవాటుగా కార్డు మీది అంకెలు మరోసారి కలిపి చూసుకుంది. పంతొమ్మిది. సరిపోయింది. కార్డు సంచిలో పెట్టింది.

హాలు చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంది. సుహాసిని వెళ్లేసరికి కుర్చీలు సగం పైన నిండాయి. ముందు వరసల్లో సభకు అలవాటైన పెద్దవాళ్లు, వెనక పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కొందరు ఫ్యాన్ల కింద చేరారు. అనూహ్య సన్నగా, ఆకుపచ్చ పరికిణీ ఓణీలో, వేదిక మధ్య కుర్చీ అంచున కూర్చుంది. రెండో వరసలో తండ్రి జగదీశ్వర్ ఉన్నాడు. కవాడిగూడలో ఉంటారు, బ్యాంకులో పని చేస్తాడని జోగారావు పరిచయం చేశారు. ఆయన లేచి నమస్కారం పెట్టి, "జర మెల్లగ చదవుండ్రి మేడం. మా బిడ్డకు టెన్షన్ ఎక్కువ," అన్నాడు. సుహాసిని తల ఊపింది.

ప్రశ్నల మొదటి చుట్టు, మొదటి ఆవృతం, మొదలైంది. మాయాచదరం అడిగినాయనకు అనూహ్య గడి గడికీ సంఖ్య చెప్పింది. వారం అడిగినావిడకు గురువారం అని వెంటనే చెప్పింది. అప్రస్తుత ప్రసంగం మొగిలయ్య అనే తెలుగు పంతులుగారిది. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే ఆయన పని. అందరికన్నా ఆయనకే చప్పట్లు ఎక్కువ.

"బిడ్డా, నారాయణగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ కాడ ఇరుక్కుంటే, అది పడేలోపు ఎన్ని ఘనమూలాలు తీయొచ్చు?"

"సంఖ్యలు అయిపోతయి సార్, సిగ్నల్ అయితే పడది."

హాలంతా నవ్వింది.

"మా ఇంటామె నన్ను 'మీరు దేంట్లోనూ ఇమడరు' అంటది. అంటే నేను ప్రధాన సంఖ్యనా?"

"గది మీ ఇంట్ల మేడంను అడగాలె సార్. ప్రధాన సంఖ్య అయినా ఒక్కరి తోటన్న ఇముడుతది."

మొగిలయ్య రెండు చేతులూ జోడించాడు. సుహాసిని కూడా నవ్వింది. పిల్ల తెలివైనదే అనుకుంది. వేదిక మీద ఈ 'గది', 'గిది' తగ్గించుకుంటే ఇంకా బాగుంటుందని కూడా అనుకుంది.

తన వంతు వచ్చింది. కార్డు చూసి మెల్లగా, ఒక్కో స్థానం విడదీసి చదివింది.

"పదకొండు కోట్ల, యాభై ఐదు లక్షల, పదివేల, మూడు వందల మూడు. దీని ఘనమూలం చెప్పాలమ్మా."

అనూహ్య కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఆడాయి. అంతకు ముందు ప్రశ్నలకు పట్టినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. కళ్లు తెరిచి సుహాసిని వైపు చూసింది.

"మేడం, ఇది ఘనం కాదు."

ముందు వరసలో ఎవరో దగ్గారు. జోగారావు తన దగ్గరున్న చీటీ విప్పి చూసి, ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైకి తోశారు.

"మరోసారి ఆలోచించు తల్లీ. పృచ్ఛకులు మూలం రాసి ఇచ్చారు. పూర్ణసంఖ్యే."

"చివరి అంకె, ముందటి అంకెలు ఒక మూలాన్ని చూపిస్తున్నయి సార్. కానీ పదకొండు శేషం పొసగుతలేదు. ఘనం అయితే పొసగాలె."

"సుహాసినిగారూ, సంఖ్య సరిచూసుకున్నారు కదా?"

"చూసుకున్నానండీ," అంది సుహాసిని. తన గొంతులో కాస్త నొచ్చుకున్న ధ్వని తనకే వినిపించింది. "నేను అలాంటివి ఊరికే అడగను. అంకెలు కలిపి కూడా చూశాను. అమ్మాయినే నింపాదిగా చూసుకోమనండి."

"సరే, చివరి ఆవృతంలో మళ్ళీ వద్దాం," అన్నారు జోగారావు.

అనూహ్య తల ఆడించింది. ఆమె చూపు రెండో వరసలోకి వెళ్లి వచ్చింది. జగదీశ్వర్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి ఉన్నాడు. వెనకనుంచి ఒక గొంతు కొంచెం గట్టిగానే వినిపించింది: "యూట్యూబ్ చూసి నేర్సుకుంటే గిట్లనే అయితది."

తర్వాతి ప్రశ్న వర్గాల మొత్తం గురించి. అనూహ్య దానికి జవాబు చెప్పింది కానీ మొదటి అంకె దగ్గర తడబడి సర్దుకుంది. సుహాసినికి ఆ తడబాటు నచ్చలేదు. పదకొండు శేషమంటోంది, అసలు అది తెలిసే అంటోందా అనుకుని, పిల్ల పొరపాటు ఎక్కడ చేసిందో కనిపెట్టాలని తానే ఆ లెక్క వేయడం మొదలుపెట్టింది.

పద్ధతి తేలికే. కుడినుంచి అంకెలను ఒకటి విడిచి ఒకటి కలపాలి. మిగిలినవాటిని విడిగా కలపాలి. మొదటి మొత్తంలోంచి రెండోది తీసేస్తే పదకొండుతో భాగించినప్పటి శేషం వస్తుంది. 487కు మూడు వస్తుంది. మూడు ఘనం ఇరవై ఏడు. అందులోంచి ఇరవై రెండు పోతే ఐదు. అంటే కార్డు మీది సంఖ్యకు ఐదు రావాలి. సుహాసిని కార్డు ఒళ్లో పెట్టుకుని కలిపింది. ఒక వరస పదమూడు. రెండో వరస ఆరు. తేడా ఏడు.

మళ్ళీ కలిపింది. ఏడే.

అప్పుడు వంటింట్లో వేసిన గుణకారం మనసులో మళ్ళీ వేసింది. చివరి ఐదంకెలు వేస్తే చాలు: సున్నా, ఒకటి, మూడు, సున్నా, మూడు. కార్డు మీద చూసింది. ఊదా రంగులో, తన గుండ్రటి దస్తూరీలో: ఒకటి, సున్నా, మూడు, సున్నా, మూడు.

ఎత్తి రాసేటప్పుడు పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయి. వెయ్యి పదివేలయింది. రెండంకెలు తారుమారైతే మొత్తం మారదు కనుక పంతొమ్మిది పంతొమ్మిదిగానే ఉంది. తనను మురిపించిన ఆ పంతొమ్మిదే ఆ తప్పును కప్పిపెట్టింది. ఇంటికి ట్యూషన్‌కు వచ్చే ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు ఎన్నిసార్లు తానే హెచ్చరించింది, అంకెలు కలిపి చూస్తే తారుమారు తప్పు దొరకదర్రా అని!

పిల్ల తొమ్మిదంకెలు చెవితో విని, మనసులో పట్టుకుని, ఘనం కాదని చెప్పింది. కాదు గనకే కాదంది. తాను కార్డు చేతిలో పెట్టుకుని, నిండు సభలో, 'నేను అలాంటివి ఊరికే అడగను' అంది.

ఇప్పుడే లేచి చెప్పవచ్చు. మైకు జానెడు దూరంలో ఉంది. సుహాసిని చెయ్యి చీర కుచ్చిళ్ల మీదనుంచి లేవలేదు. హాలులో అపార్ట్‌మెంటు వాళ్లు నలుగురున్నారు. నోటీసు బోర్డు దిద్దినందుకు ఆవిడను వెనక ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే వాళ్లు. భర్త మూడో వరసలో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. చివరి ఆవృతం దాకా వ్యవధి ఉంది కదా అనుకుంది. ఎవరికీ ఇబ్బంది లేకుండా సర్దే దారి ఏదో ఉండకపోదు అనుకుంది. ఆ 'ఎవరికీ'లో ఉన్నది తానొక్కతే అని ఆవిడకు తెలియకపోలేదు.

చివరి ఆవృతం వచ్చింది. ఏడు ప్రశ్నలూ పూర్తయ్యాయి, ఏడూ ఒప్పే. "ఇక ఘనమూలం," అన్నారు జోగారావు.

అనూహ్య నోరు తెరవబోయింది. ఆమె ఏం చెప్పబోతోందో సుహాసినికి ముఖం చూస్తేనే తెలిసింది. మళ్ళీ అదే మాట చెబుతుంది. చెబితే జోగారావు చీటీ బయటికి తీస్తారు, 487 అంటారు, ఎవరో ఒకరు ఫోన్‌లో గుణిస్తారు.

"ఒక్క నిమిషమండీ," అంది సుహాసిని మైకు దగ్గరికి జరిగి. "నేను సంఖ్య మళ్ళీ ఒకసారి చదువుతాను."

"అమ్మాయి అడగలేదు కదమ్మా? చదివితే అర మార్కు పోతుంది."

"ఫరవాలేదు. ఫ్యాన్ల చప్పుడులో సరిగ్గా వినపడి ఉండదు."

జగదీశ్వర్ కుర్చీలో కదిలాడు. సుహాసిని కార్డు ముందు పట్టుకుంది కానీ కార్డులోంచి చదవలేదు.

"పదకొండు కోట్ల యాభై ఐదు లక్షల, ఒక వెయ్యి, మూడు వందల మూడు."

'ఒక వెయ్యి' దగ్గర తన గొంతు తగ్గించింది. తగ్గించిందని అనూహ్యకు తెలిసింది. ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు, వేళ్లు కదపలేదు. సూటిగా సుహాసిని ముఖంలోకి చూసింది. సుహాసిని కార్డు వైపు చూసుకుంది.

"నాలుగు వందల ఎనభై ఏడు," అంది అనూహ్య.

చప్పట్లు మోగాయి. జోగారావు చీటీ ఎత్తి చూపించారు. "చూశారా! సరిగ్గా వినపడితే ఎంత చటుక్కున చెప్పిందో! అయితే నియమం నియమమే. ఏడున్నర మార్కులు. బిరుదుకు వెంట్రుకవాసిలో తప్పింది. ఏం ఫరవాలేదు తల్లీ, వచ్చే ఏడాది మళ్ళీ ఇదే వేదిక మీద తీసుకుందువుగాని."

అనూహ్య నవ్వింది. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. జగదీశ్వర్ చప్పట్లు కొడుతున్నాడు, కానీ ఆయన రెండు అరచేతులూ కలుస్తున్న చప్పుడు లేదు. వెనకనుంచి మళ్ళీ అదే గొంతు: "చెవులు సాఫ్ చేపియ్యాలె ముందుగాల." ఇద్దరు ముగ్గురు నవ్వారు.

శాలువా కప్పడానికి సుహాసినినే పిలిచారు, వేదిక మీద ఆడవాళ్లలో పెద్ద అని. ఆవిడ శాలువా మడత విప్పింది. అనూహ్య తల వంచి భుజాలు ముందుకు పెట్టింది. వంచిన తల ఎత్తకుండానే మెల్లగా అడిగింది.

"మేడం, మొదటి నంబరు ఘనం కాదు గదా? నా లెక్క తప్పు కాదు గదా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇంటికి వెళ్లి, పదకొండు శేషం పద్ధతి తనకు సరిగ్గా వచ్చో రాదో అని కూర్చునే పిల్ల అడిగినట్టు అడిగింది.

సుహాసిని శాలువా వదిలి మైకు దగ్గరికి నడిచింది.

"నేనొక మాట చెప్పాలి," అంది. "మొదట నేను చదివిన సంఖ్య తప్పు. కార్డు మీదికి ఎత్తి రాసేటప్పుడు రెండంకెలు తారుమారు చేశాను. అది ఏ సంఖ్యకూ ఘనం కాదు. అమ్మాయి మొదట చెప్పిన జవాబే సరైనది. ఆమెకు వినపడకపోవడం ఏమీ లేదు."

జోగారావు రెండు చేతులూ పైకెత్తారు.

"ఎంత సంస్కారం! ఈ రోజుల్లో తన పొరపాటు తాను, అదీ నిండు సభలో, ఒప్పుకునేవారు ఎంతమంది! ఇది కదా గణితం నేర్పే నిజాయితీ! సుహాసినిగారికి అందరూ ఒక్కసారి..."

అందరూ చప్పట్లు కొట్టారు. అపార్ట్‌మెంటు వాళ్లు నలుగురూ కొట్టారు. అనూహ్యకు కొట్టినదానికన్నా ఎక్కువసేపు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. మూడో వరసలో పవన్‌కుమార్ ఫోన్ ఇంకాస్త పైకెత్తాడు. సుహాసిని పక్కకు చూసింది. అనూహ్య చేతులు శాలువా అంచులు పట్టుకుని ఉన్నాయి. ఆ చేతులు కదల్లేదు. ఆమె చూస్తున్నది సుహాసినిని కాదు, సుహాసినికి చప్పట్లు కొడుతున్న వాళ్లను.

ఇక్కడితో ఆగిపోవచ్చు. అందరూ ఇంతే అనుకున్నారు కూడా.

"ఇంకా ఉందండీ," అంది సుహాసిని. చప్పట్లలో వినపడలేదు. మళ్ళీ అంది. "ఇంకా ఉంది. తప్పు రాశానని నాకు సభ మధ్యలోనే తెలిసింది. అప్పుడు చెప్పలేదు. రెండోసారి చదివినప్పుడు, ఎవరికీ తెలియకుండా, సంఖ్య మార్చి చదివాను. అమ్మాయికి వినపడలేదని కూడా నేనే అన్నాను. తెలిసే అన్నాను."

చప్పట్లు ఒకేసారి ఆగలేదు. ముందు ఇటు, తర్వాత అటు, చివరికి వెనక ఎవరో ఒకరిద్దరు అర్థం కాక ఇంకా కొడుతూ ఆగిపోయారు. లేచి నిలబడ్డ పెద్దాయన కూర్చోవాలో వద్దో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాడు. జోగారావు నోటి దాకా వచ్చిన మాట మింగి, "సరే, పోనీండమ్మా, అలా... ఒక్కోసారి... ఇవన్నీ సభల్లో మామూలే," అన్నారు.

మొగిలయ్య తన మైకు తీసుకున్నాడు. ఈసారి ఆయన ముఖంలో హాస్యం లేదు.

"జోగారావు సార్, మామూలు సంగతి తర్వాత. ముందుగాల బిడ్డ మార్కు సంగతి చూడుండ్రి."

"అవునవును. అయితే, అనూహ్యా, నీ జవాబు 487 ఎలాగూ ఒప్పే కనుక, ఆ తగ్గించిన అర మార్కు కలిపేసి..."

"వద్దు సార్," అంది అనూహ్య. "నా జవాబు ఘనం కాదని రాయండి. 487 కొట్టేయండి."

"అదీ ఒప్పేగా తల్లీ?"

"నన్ను అడిగిన నంబరుకు ఒప్పు కాదు సార్. అది వేరే నంబరు."

జోగారావు ఆమె చెప్పినట్టే రాసుకున్నారు. ఎనిమిదికి ఎనిమిది అని ప్రకటించారు. బిరుదు పత్రం చదివి చేతికిచ్చారు. ఫొటోకు అందరూ అవధాని చుట్టూ చేరుతుంటే, సుహాసిని తన సంచి వెతుక్కునే మిషతో మెట్లవైపు జరిగింది. ఎవరూ పిలవలేదు. అపార్ట్‌మెంటు వాళ్లలో ఒకావిడ పక్కనుంచి వెళుతూ, "బాగా జరిగిందండీ," అని, సుహాసినిని చూడకుండా చెప్పి దిగిపోయింది.

కింద సందులో జగదీశ్వర్ స్కూటర్ తిప్పుతున్నాడు. సుహాసిని ఆయన ముందు నిలబడింది.

"నాది తప్పండీ," అంది.

జగదీశ్వర్ హ్యాండిల్ వదల్లేదు. "పైన మీరు చెప్పకుంటే, మా బిడ్డ ఈ లెక్కలే వదిలేస్తుండె మేడం. నేను గూడ తనకే వినపడలే అనుకున్న. బిడ్డనే అనుమానించిన." కోపం లేకుండా అన్నాడు. కోపంగా అని ఉంటే సుహాసినికి తేలికగా ఉండేది.

అనూహ్య మెట్లు దిగి వచ్చింది. శాలువా మడిచి చంకలో పెట్టుకుంది. బిరుదు పత్రం తండ్రికి ఇచ్చి, ఆయన దాన్ని డిక్కీలో పెట్టేదాకా చూసి, సుహాసిని దగ్గరికి వచ్చింది.

"నంబరు మారిందని నాకు అప్పుడే తెల్సింది మేడం. పదివేలు పోయి వెయ్యి అయింది."

"తెలుసు. నువ్వు నా ముఖంలోకి చూశావు."

"అడుగుదామనుకున్న. 'మేడం, ముందుగాల వేరే చెప్పిన్రు' అని అడుగుదామని నోటిదాక వచ్చింది. అడగలే. అందరు చూస్తున్నరు. చెప్పేస్తే అయిపోతది, చప్పట్లు కొడ్తరు అనిపించింది. చెప్పేసిన." ఆమె ఓణీ కొంగు వేలికి చుట్టుకుని విప్పింది. "అంతకు ముందు ఎన్నడు గట్ల చెయ్యలే నేను."

పైన మైకులో తన తప్పులన్నీ చెప్పేశాననుకుంది సుహాసిని. ఈ ఒక్కటీ ఆ లెక్కలోకి రాలేదు.

"నీ తప్పేం లేదమ్మా. నావల్లే కదా. అంతా నాదే."

"మీది మీరు చెప్పిన్రు మేడం," అంది అనూహ్య. "నాది నేను చెప్తున్న."

నమస్కారం పెట్టి స్కూటరెక్కింది. స్కూటర్ ప్రధాన రోడ్డు మీదికి తిరిగేదాకా సుహాసిని అక్కడే నిలబడింది.

పవన్‌కుమార్ ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. కారు దూరంగా పెట్టాడట, నడవాలన్నాడు. నాలుగడుగులు వేశాక, "అంత అవసరమా?" అన్నాడు. "మొదటిసారి చెప్పి వదిలేస్తే సరిపోయేది. ఎంత బాగా వచ్చింది ఆ ముక్క! నేను అప్పుడే మన కుటుంబం గ్రూపులో పెట్టేశాను, చప్పట్లదాకా."

"చప్పట్లదాకానా?"

"తర్వాతది ఎందుకు పెడతాను? చూడు, అందరూ ఎంత మెచ్చుకుంటున్నారో."

ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. పూలదండలు, దణ్ణాలు పెట్టే చేతులు వరసగా ఉన్నాయి. ఏలూరు నుంచి ఆడపడుచు రాసింది: 'మా వదిన అంటే వదినే. పిల్లలందరికీ చూపించాను, నిజాయితీ అంటే ఇలా ఉండాలని.'

"తీసెయ్యండి."

"ఇప్పుడు తీసేస్తే ఏమైందని అడగరూ? చూసేశారు కూడా అందరూ. వదిలెయ్."

సుహాసిని సందు చివర, మూసి ఉన్న ఒక జిరాక్సు షాపు మెట్టు మీద కూర్చుంది. పత్తిచీర నలుగుతుందని ఆలోచించలేదు. సంచిలోంచి తన ఫోన్ తీసి, గ్రూపు తెరిచి రాయడం మొదలుపెట్టింది. 'ఈ వీడియోలో సగమే ఉంది. మిగతా సగం ఏమిటంటే' అని రాసి ఆగింది. మెత్తగా చెప్పే మాటలు చాలా వచ్చాయి. పొరపాటున అని, కంగారులో అని. ఒక్కొక్కటీ రాసి చెరిపేసింది.

"కార్లో కూర్చుందాం పద, దోమలు," అన్నాడు పవన్‌కుమార్, కారు ఉన్న వైపు చూపిస్తూ.

'తప్పు తెలిశాక కూడా దాచాను. దాచడానికి ఆ పిల్లకు చెవుడన్నట్టు మాట్లాడాను. నన్ను చూసి ఆ పిల్ల కూడా ఒక అబద్ధానికి తల ఊపింది. ఈ వీడియో పిల్లలకు చూపించకండి, చూపిస్తే ఇది కూడా చదివి వినిపించండి,' అని రాసి పంపింది.

కాసేపటికి అందరూ చదివినట్టు గుర్తులు నీలంగా మారాయి. అంతవరకూ గలగలలాడిన గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. ఏలూరు ఆడపడుచు పేరు కింద 'టైప్ చేస్తున్నారు' అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది, పోయింది.